స్టవ్ ఆఖర్న కొను

పాట్స్‌విల్, పెన్సిల్వేనియా
ఆగస్టు నెల

చిరంజీవి వేణుకు,

 నువ్వు పంపిన మూడు స్టవ్‌ల ఫోటోలూ చూశాను. "అత్తయ్యా, ఏది కొనమంటావ్?" అని అడిగావు. ప్రస్తుతానికి ఏదీ కొనొద్దు. చిన్నబుచ్చుకోకు. ఈ వైపు పాత ఇల్లు కొన్నవాళ్ళలో చాలామందిని చూశాను. ముందు స్టవ్ కొనుక్కొచ్చి గరాజ్‌లో దించుతారు, తరవాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తిరుగుతారు. నువ్వు అటునుంచి ఇటు రా. ముందు చిమ్నీ సంగతి తేల్చు. తరవాత మీకు దగ్గర్లో ఏ సైజు బొగ్గు బాగా దొరుకుతుందో చూడు. ఆ తరవాత మీ ఇంట్లో ఏ వేళకు ఎవరుంటారో ఆలోచించు. ఇవన్నీ తేలాక మిగిలేది ఒకటో రెండో స్టవ్‌లు, అంతే. అప్పుడు నన్ను అడగాల్సిన పని కూడా ఉండదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ వీధిలో గ్యాస్ లైన్ ఉందా? ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేసి గ్యాస్ కనెక్షన్ తీసుకో. మీ ఆవిడ సునీత ఫోన్లో "ఈ కాలంలో బొగ్గేమిటండీ అత్తయ్యా" అంది. ఆ అమ్మాయి తప్పేమీ అనలేదు. ఒక మిలియన్ బీటీయూల వేడి పుట్టించడానికి ఆంత్రసైట్ బొగ్గు దాదాపు 228 పౌన్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అదే వేడికి హీటింగ్ ఆయిల్ 163, సహజవాయువు 117. ఈ లెక్క తెలిసీ బొగ్గు కాల్చడమంటే, మీ ఊళ్ళో గ్యాస్ లేకపోవడం వల్లా, ఆయిల్ బిల్లు కట్టలేకపోవడం వల్లా, జనవరిలో మంచుతుపానుకు కరెంటు పోతే పసిపిల్లతో చలికి కూర్చోలేకా చేసే పని అని ఒప్పుకోవాలి. అది ఒప్పుకున్నాకే మిగతా మాటలు. ఇంకోటి, అటకమీద ఇన్సులేషన్ ఎంత మందం ఉందో, కిటికీ సందుల్లోంచి గాలి ఎంత వస్తోందో ముందు చూసుకో. చిల్లుల బానలో నీళ్ళు పోసినట్టు వేడి పోసుకుంటూ కూర్చుంటే ఏ స్టవ్ అయినా దండగే.

ఇక చిమ్నీ. మీ ఇంటికి ఒక్కటే ఇటుక చిమ్నీ ఉందనీ, ఆయిల్ బాయిలర్ దానికే తగిలించి ఉందనీ చెప్పావు. నాకు గుండె గుభేలుమన్నది అక్కడే. చిమ్నీ బయటికి ఒకటిగానే కనిపిస్తుంది. లోపల పొగ పోయే దారి, అంటే ఫ్లూ, ఒకటుండొచ్చు, రెండుండొచ్చు. పైకప్పు ఎక్కి చూస్తే ఎన్ని నోళ్ళున్నాయో తెలుస్తుంది. రెండుంటే నీ అదృష్టం. ఒక్కటే ఉండి అందులో బాయిలర్ పొగ పోతుంటే, బొగ్గు స్టవ్ గొట్టాన్ని కూడా అందులోకే దూర్చొద్దు. పక్కింటివాళ్ళు దూర్చారు, వాళ్ళకేమీ కాలేదు అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. బాయిలర్ ఆగి ఉన్నప్పుడు దాని గొట్టంలోంచి చల్లగాలి చిమ్నీలోకి చేరుతుంది. స్టవ్‌కు కావలసిన లాగుడు చచ్చిపోతుంది. అప్పుడు పైకి పోవలసిన కార్బన్ మోనాక్సైడ్ బాయిలర్ దారిలోంచి కింది గదిలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కట్టెల పొగలా కళ్ళు మండించి మనల్ని బయటికి తరమదు.

అందుకని సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ పనివాణ్ణి పిలిపించి లెవెల్ 2 తనిఖీ చేయించు. ఫ్లూలోకి కెమెరా దింపి పైనుంచి కిందిదాకా చూపిస్తాడు. ఇల్లు చేతులు మారినా, కాల్చే ఇంధనం మారినా ఈ తనిఖీ చేయించాలని ఇక్కడి అగ్ని భద్రతా ప్రమాణాలే చెబుతున్నాయి. మీకు రెండూ జరుగుతున్నాయి. లోపలి మట్టి పెంకులు పగిలాయా, కీళ్ళ దగ్గర సున్నం ఊడిందా, ఎప్పుడో మూసేసిన స్టవ్ కంత వాల్‌పేపర్ వెనకాల దాక్కుని ఉందా అన్నీ ఆ కెమెరాలో బయటపడతాయి. చిమ్నీ కప్పును చీల్చుకుని వచ్చిన చోటునుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. గ్యాస్ కోసం వేసిన పల్చటి అల్యూమినియం లైనర్ ఉంటే అది బొగ్గుకు పనికిరాదు. కొత్త లైనర్ వేయించాల్సి వస్తే, బొగ్గుకు వాడొచ్చని తయారీదారు రాసిచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వేయించు. "కట్టెలకు పనికొస్తుందండీ, బొగ్గుకూ పనికొస్తుంది" అనే మాట నమ్మకు. బొగ్గు బూడిదలో గంధకం ఉంటుంది, అది తడి తగిలితే ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది.

నువ్వు అనుకోని విషయం ఒకటుంది. మీ వంటింట్లో పోపు ఘాటు పోవడానికి పెద్ద హుడ్ పెట్టించావు కదా. అది ఇంట్లో గాలిని బయటికి ఊడ్చేస్తుంది. ఆ గాలి ఎక్కణ్ణుంచో తిరిగి లోపలికి రావాలి. కిటికీలన్నీ బిగించిన చలికాలపు ఇంట్లో దానికి దొరికే సులువైన దారి చిమ్నీయే. సునీత మిరపకాయల పోపు వేసి హుడ్ ఫుల్లు మీద పెడితే స్టవ్ పొగ వెనక్కి లాక్కొచ్చే ప్రమాదముంది. అమెరికావాళ్ళు వాళ్ళ పుస్తకాల్లో రాసినదానికన్నా మన ఇళ్ళలో ఇది ఎక్కువ. స్టవ్ పెట్టేవాడికి హుడ్ సంగతి ముందే చెప్పు, బయటిగాలి లోపలికి వచ్చే ఏర్పాటు చేయించమను. అదయ్యేదాకా హుడ్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ ఒకటి బెత్తెడు తెరిచి ఉంచండి.

"తాతయ్య సింగరేణిలో ఓవర్‌మేన్, మాకు బొగ్గు గురించి చెప్పాలా" అన్నావు చూడు, నవ్వాగలేదు. కొత్తగూడెం క్వార్టర్లలో సాయంత్రమయ్యేసరికి ప్రతి వాకిట్లోనూ బొగ్గు పొయ్యి రాజేసేవాళ్ళం. వీధంతా పసుప్పచ్చ పొగ కమ్మేది, ఆరేసిన బట్టలకు మసి పట్టేది. ఆ బొగ్గు వేరురా. 1889లో ఇల్లందులో తవ్వడం మొదలుపెట్టిన నాటినుంచీ మన గోదావరి లోయ బొగ్గంతా తేలిగ్గా అంటుకుని పొగతో, పసుపు మంటతో మండే రకమే. ఇక్కడి ఆంత్రసైట్ రాయిలా గట్టిగా ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది, చేత్తో పట్టుకుంటే మసి కూడా పెద్దగా అంటదు. అందులో కార్బన్ 86 శాతం నుంచి 97 శాతం దాకా ఉంటుంది. మంటగా లేచే వాయువులు బాగా తక్కువ. అందుకే పొగ రాదు, చిమ్నీలో కట్టెల స్టవ్‌లకు పట్టే జిడ్డు తారు పట్టదు. అందుకే త్వరగా అంటుకోదు కూడా.

ఎంత అంటుకోదంటే, ఈ బొగ్గు తమ కొండల్లో ఉందని తెలిసీ ఇక్కడివాళ్ళు చాలాకాలం దాన్ని ఇళ్ళలో కాల్చలేకపోయారు. 1808 ఫిబ్రవరిలో విల్క్స్-బారీ ఊళ్ళో జెస్సీ ఫెల్ అనే ఆయన తన సత్రం పొయ్యిలో ఇనప ఊచల చట్రం ఒకటి ఎత్తుగా అమర్చి, దాని మీద ఈ బొగ్గు పోసి వెలిగించాడు. కొలిమి తిత్తి ఊదనవసరం లేకుండా మండింది. కిటుకంతా కిందినుంచి గాలి ఆడడంలో ఉంది. ఇవాళ నువ్వు కొనబోయే ఏ స్టవ్ అయినా ఆ చట్రానికి మనవడే. కట్టెలకు గాలి పైనుంచి తగిలినా సరిపోతుంది. ఆంత్రసైట్‌కు మాత్రం బూడిద తలుపు వైపునుంచి, ఊచల సందుల్లోంచి, మొత్తం నిప్పు మందాన్ని దాటుకుంటూ పైకి రావాలి. "కట్టెలూ బొగ్గూ రెండూ కాల్చొచ్చు" అని రాసి అమ్మే స్టవ్‌లలో చాలావాటికి ఈ ఏర్పాటు అంతంతమాత్రం. నువ్వు పంపిన రెండో ఫోటోలోది ఆ బాపతే. గాజు తలుపు పెద్దదిగా ఉందని సునీతకు నచ్చినట్టుంది. వదిలెయ్యండి.

బొగ్గును ఇక్కడ సైజును బట్టి అమ్ముతారు. నట్ అంటే ముప్పాతిక అంగుళం పైనుంచి అంగుళమున్నర దాటిన ముక్కల దాకా. పీ అంటే అర అంగుళం నుంచి ముప్పాతిక దాకా. తరవాత బక్వీట్, ఆ తరవాత రైస్. రైస్ అన్నారని బియ్యం గింజ అనుకునేవు, అది పావు అంగుళం ముక్క. స్టవ్ ఏ సైజుకు తయారుచేశారో ఆ సైజే వెయ్యాలి. రైస్ తీసుకెళ్ళి నట్ స్టవ్‌లో పోస్తే ఊచల మధ్యనుంచి సగం బూడిద ట్రేలోకి రాలుతుంది, మిగతా సగం గాలి ఆడనివ్వదు. కాబట్టి స్టవ్ మోజు పడకముందే మీ దగ్గర్లో ఉన్న బ్రేకర్ దగ్గరికి వెళ్ళు. గనినుంచి వచ్చిన బొగ్గును పగలగొట్టి, కడిగి, జల్లించే చోటును బ్రేకర్ అంటారు. మీ హేజల్టన్ చుట్టుపక్కల, మా షూల్‌కిల్ కౌంటీలో ఇప్పటికీ ఉన్నాయి. ఏ సైజు ఏడాది పొడుగునా ఉంటుంది, నవంబరులో ఏది దొరక్కుండా పోతుంది అని అక్కడి కాటా దగ్గర కూర్చున్న మనిషిని అడుగు. నాలుగు సంచులు వేరువేరు చోట్ల కొనుక్కొచ్చి చూడు. మెరుపు లేకుండా బూడిద రంగులో చదునుగా ఉండే పలకలు ఎక్కువుంటే రాయి కలిసిందన్నమాట. అది మండదు, బూడిదలో అలాగే మిగులుతుంది. సంచి అడుగున పొడి ఎక్కువున్నా వద్దు. విడిగా ట్రక్కులో తెప్పించుకుంటే సంచులకన్నా చవక. కానీ బేస్‌మెంట్‌లో బొగ్గుకు గది కట్టుకోవాలి, ట్రక్కు ఇంటి గోడదాకా రావాలి. సంచులైతే ఒక్కోటి 40 పౌన్లు, టన్నుకు 50. నడుము నీది, నువ్వే లెక్కేసుకో.

స్టవ్ ఎంత పెద్దది కావాలన్నది చాలామంది చదరపు అడుగులు చూసి తేలుస్తారు. అది కేటలాగువాళ్ళ లెక్క. నీ దగ్గర అంతకన్నా మంచి లెక్క ఉంది, పోయినేడాది ఆ ఇంటి ఆయిల్ బిల్లు. పాత యజమాని 700 గ్యాలన్లు కాల్చాడన్నావు. గ్యాలన్‌కు 1,38,500 బీటీయూలు. పాత బాయిలర్ కాబట్టి నూటికి ఎనభై వంతులే ఇంట్లోకి వచ్చిందనుకుందాం. అంటే సీజన్ మొత్తానికి 7 కోట్ల 75 లక్షల బీటీయూలు. చలిని రోజురోజుకూ కూడి చెప్పే హీటింగ్ డిగ్రీ డేలు మన కొండల్లో సీజన్‌కు సుమారు 6 వేలు వేసుకో. ఒక్కో డిగ్రీ డేకు 12,900 చొప్పున పడింది. బయట 5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న కటిక చలిరోజున 60 డిగ్రీ డేలు. గుణించి 24తో భాగిస్తే గంటకు 32 వేల చిల్లర బీటీయూలు. అంతే! ఏడాదిలో అతి చలిరోజున మీ ఇంటికి కావలసింది అంతే. నువ్వు పంపిన మూడో ఫోటోలోది 90 వేల బీటీయూల స్టవ్. పెద్దది కొంటే తగ్గించి కాల్చుకోవచ్చు కదా అంటావు. మరీ తగ్గిస్తే బొగ్గు నిప్పు ఒక మూల నల్లబడి, ఆ నలుపు పాకి మొత్తం ఆరిపోతుంది. అలా కాకూడదని పెంచితే ఇల్లు ఆవిరిస్నానం గది అయి, ఫిబ్రవరిలో కిటికీలు తెరుచుకుని కూర్చుంటారు. 40 వేలూ 50 వేలూ మధ్యది చాలు. ఆయిల్ బాయిలర్ నీళ్ళు కూడా కాచేదైతే అసలు అవసరం ఇంకా తక్కువ.

అదే లెక్కలో బొగ్గు ఎంతవుతుందో కూడా చెబుతాను. మంచి ఆంత్రసైట్ టన్నుకు సుమారు 2 కోట్ల 50 లక్షల బీటీయూలు ఇస్తుంది. ఇక్కడి టన్ను 2,000 పౌన్లు. అంటే కాగితం మీద 180 గ్యాలన్ల ఆయిల్‌తో సమానం. స్టవ్ నూటికి డెబ్భై వంతుల వేడి ఇంట్లోకి ఇచ్చిందనుకుంటే మీకు నాలుగున్నర టన్నుల లోపు పడుతుంది. ఆయిల్ ధర, బొగ్గు ధర ఇవాళ్టివి పెట్టి నువ్వే చూసుకో. చూసేటప్పుడు లైనర్ ఖర్చు, తనిఖీ ఖర్చు, స్టవ్ కింద వేయించే రాతి పలక, ఏటా చిమ్నీ ఊడ్పించడం అన్నీ కలుపు. బొగ్గు చవకే, బొగ్గు కాల్చడం మాత్రం అంత చవక కాదు.

ఇక స్టవ్ రకాలు. చేత్తో వేసేది ఒకటి, పైనున్న తొట్టిలోంచి బొగ్గు దానంతటది జారే హాపర్ రకం ఒకటి, మోటారుతో నడిచే స్టోకర్ ఒకటి. మా ఇంట్లోది చేత్తో వేసేది. మీ మామయ్య ఆస్పత్రి నుంచి ఏ వేళకు వచ్చినా ఇల్లు వెచ్చగా ఉండేదంటే అది నేను దగ్గరుండి కాచుకున్న నిప్పు. దాని మీద నాకు ప్రేమ ఉంది కాబట్టి నా మాటను కొంచెం తగ్గించి విను. చలి మామూలుగా ఉంటే పన్నెండు గంటలకోసారి చూస్తే చాలు. కానీ ఆ చూడడం నేర్చుకోవాలి.

పొద్దున్నే ముందు గొట్టం డ్యాంపర్ తెరుస్తాను. కింద బూడిద ట్రేలో పడే వెలుగును చూస్తూ ఊచల పిడిని చిన్న చిన్నగా కుదుపుతాను. మొదట తెల్లటి బూడిద ఒక్కటే రాలుతుంది, ట్రే చీకటిగా ఉంటుంది. కాసేపటికి ట్రే అంతటా నారింజ రంగు వెలుగు పరుచుకుంటుంది, ఒకటీ రెండూ ఎర్రటి కణికలు రాలతాయి. అక్కడ ఆపాలి. ఇంకా కుదిపితే నిప్పు కిందపడిపోతుంది, తక్కువ కుదిపితే బూడిద అడ్డుపడి మధ్యాహ్నానికి నీరసిస్తుంది. తరవాత కొత్త బొగ్గు. స్టవ్ లోపలి ఇటుకల అంచుదాకా నిండుగా వేస్తాను, కానీ ఒక మూల ఎర్రటి నిప్పును కప్పకుండా వదులుతాను. కొత్త బొగ్గులోంచి లేచిన వాయువు ఆ మూలన అంటుకుని సన్నటి నీలి మంటలుగా బొగ్గు మీద ఆడుతుంది. మొత్తం కప్పేశామా, వాయువు పేరుకుని పేరుకుని ఒక్కసారి ఢామ్మని అంటుకుంటుంది, గొట్టం కీళ్ళు కదిలిపోతాయి. నీలి మంటలు నిలకడగా వచ్చాక గాలి తగ్గించి వంటింట్లోకి వెళ్ళిపోతాను. కట్టెల పొయ్యి అలవాటున్నవాళ్ళకు చెయ్యి ఊరుకోదు, పైనుంచి ఊచ పెట్టి పొడుస్తారు. ఆంత్రసైట్‌ను పైనుంచి కదిలిస్తే బూడిద సందుల్లోకి దిగి నిప్పు చచ్చిపోతుంది. దాన్ని కదపాల్సింది కిందినుంచే.

ఇది మీకు కుదురుతుందా? నువ్వు ఏడింటికి వెళ్ళిపోతావు, సునీత పాపను డేకేర్‌లో దించి ఆఫీసుకు పోతుంది. ఒక్కరోజు ఆలస్యమైతే నిప్పు ఆరుతుంది. ఆరిన నిప్పును మళ్ళీ కట్టెలతో రాజేసి, పల్చగా బొగ్గు చల్లి, అది అంటుకున్నాక ఇంకొంచెం వేసి నిలబెట్టేసరికి గంట దాటుతుంది. హాపర్ రకం కొంత నయం. తొట్టి నింపితే బొగ్గు కాలినకొద్దీ కిందికి జారుతుంది, గాలి తలుపును వేడికి వంగే లోహపు పట్టీ దానంతటదే తెరిచి మూస్తుంది. కరెంటు అక్కర్లేదు. ఇండియానా రాష్ట్రం బెర్న్ ఊళ్ళో తయారయ్యే హిట్జర్ వాటికి ఈ వైపు మంచి పేరుంది. అయినా కుదపడం, బూడిద తియ్యడం తప్పదు.

స్టోకర్‌కు రైస్ బొగ్గు. చిన్న మోటారు ఒకటి బొగ్గును కొంచెం కొంచెంగా పళ్ళెం మీదికి తోస్తుంది, కింద ఫ్యాన్ గాలి ఊదుతుంది, కాలిన బూడిద చివరినుంచి ట్రేలో పడుతుంది. గోడకు థర్మోస్టాట్ ఉంటుంది. నువ్వు తొట్టి నింపి, బూడిద పారబోస్తే చాలు. ఊచలు కుదిపే పని లేదు. మా పక్కూరు షూల్‌కిల్ హేవెన్‌లో తయారయ్యే కీస్టోకర్ ఈ రకమే. కొన్ని స్టోకర్లను ఫ్యాన్ సాయంతో గోడలోంచే పొగ బయటికి పోయేట్టు పెట్టుకోవచ్చు, చిమ్నీ అక్కర్లేదు. మీకు ఒక్క ఫ్లూనే ఉందని తేలితే సులువైన దారి అదే. దీని లోపం ఒక్కటి, కరెంటు పోతే కాసేపట్లో ఆరిపోతుంది. అసలు నువ్వు స్టవ్ అడిగిందే కరెంటు పోయే రాత్రుల కోసం కదా. అది తీసుకునే వాట్లు తక్కువే కాబట్టి చిన్న జెనరేటరో బ్యాటరీయో దానికి జతగా కొనాలి. అయినా సరే, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే మీ ఇంటికి స్టోకరే అని నా అభిప్రాయం. నీలి మంటలు చూడాలనిపిస్తే మా ఇంటికి రండి.

పాత స్టవ్ సగం ధరకు వస్తోందన్నావు. పాతది తప్పని నేననను, ఈ స్టవ్‌లు మోటుగా ఉంటాయి, బాగా చూసుకున్నది చాలా ఏళ్ళు బతుకుతుంది. వెళ్ళేటప్పుడు టార్చిలైటు, ఒక డాలరు నోటు తీసుకెళ్ళు. తలుపు చుట్టూ ఉన్న తాడు సీలులో నోటు పెట్టి తలుపు మూసి లాగు. సులువుగా వచ్చిందంటే అక్కడ గాలి దూరుతుంది, తాడు మార్చాలి, అది చిన్న ఖర్చే. తరవాత టార్చి వెలిగించి స్టవ్ లోపల పెట్టి, తలుపులు మూసి, గదిలో లైట్లార్పమను. వెల్డింగు కీళ్ళలోంచి వెలుతురు గీతలు కనిపిస్తే వచ్చేసెయ్. బూడిద ట్రే కూర్చునే అడుగు రేకును గోరుతో కాదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. ఎండాకాలం బూడిద తియ్యకుండా వదిలేసిన స్టవ్ ముందు కుళ్ళేది అక్కడే. ఊచలు వంగాయా చూడు. వంగితే బూడిద తలుపు తెరిచిపెట్టి మండించినవాళ్ళ చేతిలో పడిందన్నమాట. ఇక వెనక వైపు తయారీదారు రేకు లేకపోతే ఎంత చవకైనా వద్దు. గోడకు ఎంత ఎడం ఉండాలో రాసి ఉండేది దాని మీదే. ఆ రేకు లేని స్టవ్‌కు మండే స్వభావమున్న గోడనుంచి 36 అంగుళాల ఎడం అడుగుతారు, మీ హాల్లో అంత జాగా లేదు. ఇన్సూరెన్సువాళ్ళు ముందు అడిగేదీ ఆ రేకునే. వాళ్ళకు స్టవ్ పెట్టాక చెప్పడం కాదు, పెట్టకముందే ఫోన్ చెయ్యి. టౌన్‌షిప్ పర్మిట్ కూడా అడుగు.

ఆ బూడిద తలుపు సంగతి ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే దానివల్ల ఇళ్ళే కాలిపోవచ్చు. నిప్పు నీరసంగా ఉందని కింది తలుపు తెరుస్తారు. గాలి జోరుకు బొగ్గు భగభగ రాజుకుంటుంది. ఈలోగా ఫోనొస్తుంది, పాప ఏడుస్తుంది, తలుపు సంగతి మర్చిపోతారు. స్టవ్ ఎర్రగా కాలి, గొట్టం కాలి, గోడ కాలుతుంది. తలుపు తెరిస్తే మూసేదాకా దాని ముందునుంచి కదలొద్దు. అలాగే తీసిన బూడిద చల్లారినట్టే కనిపిస్తుంది, కానీ నివురుగప్పిన నిప్పు రోజుల తరబడి ఉంటుంది. మూతున్న ఇనప డబ్బాలో వేసి, చెక్క వరండా మీద కాకుండా బయట రాతి మీద పెట్టు. సీజన్‌కు సుమారు తొమ్మిది వందల పౌన్ల బూడిద వస్తుంది. డ్రైవ్‌వే మీద ఐసు పడితే చల్లుకోండి, కాలు జారదు. గోంగూర మడిలో మాత్రం పొయ్యొద్దు. కట్టెల బూడిద ఎరువు కానీ బొగ్గు బూడిదలో ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా పెట్టండి. బ్యాటరీతో కూడా నడిచేవి కొను. అది మోగితే బ్యాటరీ పీకడం కాదు, పాపను ఎత్తుకుని బయటికి నడవడం. స్టవ్ పెట్టేవాణ్ణి మానోమీటర్ తెచ్చి డ్రాఫ్ట్, అంటే చిమ్నీ లాగుడు, కొలవమను. చాలా స్టవ్‌లకు నీటిమట్టం లెక్కలో 0.04 నుంచి 0.06 అంగుళాల మధ్య అడుగుతారు, మీ స్టవ్ పుస్తకంలో ఎంతుంటే అంత. గాలి విసురున్న రోజున లాగుడు మరీ ఎక్కువవకుండా బారోమెట్రిక్ డ్యాంపర్ ఉంటుంది, అది పెట్టించు. ఏప్రిల్‌లో బయట 50 డిగ్రీలు దాటే రోజులొస్తే చిమ్నీ సరిగ్గా లాగదు, అప్పుడు మొండికేసి కాల్చకుండా ఆయిల్‌కు మారిపోండి. పాపకు రెండో ఏడు కదా, స్టవ్ చుట్టూ గోడకు బిగించే ఇనప కంచె వెయ్యి. ఊరికే నిలబెట్టేది వద్దు, పాప దాన్ని పట్టుకునే లేచి నిలబడుతుంది.

సీజన్ అవగానే అదే వారంలో బూడిదంతా తీసి, గొట్టం విప్పి బయట దులిపి, మోచేతి వంపుల్లో పేరుకున్న మెత్తటి బూడిద ఊడ్చెయ్యాలి. చలికాలమంతా తుప్పు పట్టని స్టవ్ జూన్, జూలై తేమలో తుప్పు పట్టి పాడవుతుంది.

ఆగస్టులో ఉన్నాం. చిమ్నీ పనివాళ్ళు సెప్టెంబరు దాటితే దొరకరు, రేపే ఫోన్ చెయ్యి. కెమెరా రిపోర్టు రాగానే నాకు పంపు, మీ మామయ్యకూ చూపిస్తాను. ఫ్లూలు ఎన్నో తేలేదాకా ఏ స్టవ్‌వాడికీ ఒక్క డాలరు అడ్వాన్సు ఇవ్వొద్దు. సునీతకూ పాపకూ ఆశీస్సులు.

మీ అత్తయ్య